2003 మార్చి 18, ఇరాక్ యుద్ధానికి బ్రిటన్ పార్లమెంటు ఓటు: ఆ రోజు ఎంపీల చేతిలో ఏ కాగితాలున్నాయి?

#1 గోదారిగట్టు
అందరికీ నమస్కారం. బ్రిటన్ కామన్స్ సభ చర్చల రికార్డు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో 2003 మార్చి 18 నాటి చర్చ మొత్తం చదివాను. మధ్యాహ్నం పన్నెండున్నరకి ప్రధాని టోనీ బ్లెయిర్ మొదలుపెడితే రాత్రి పదింటికి ఓటింగ్ జరిగింది. మన దగ్గర సభలు నడిచే తీరు చూసి విసిగిపోయిన నాకు ఆ చర్చ నాణ్యత చూస్తే ముచ్చటేసింది. అధికార పార్టీ వాళ్లే లేచి సొంత ప్రధానిని నిలదీస్తున్నారు. ఒకరి మాట ఒకరు వింటున్నారు. మధ్యలో అడ్డుపడి ప్రశ్న అడిగితే కూర్చోబెట్టకుండా జవాబు చెబుతున్నారు.

అయినా చదవడం పూర్తయ్యాక మనసు బాగోలేదు. ఎందుకో చెబుతాను.

ముందు లెక్కలు. ఆ రాత్రి రెండు ఓటింగులు జరిగాయి. మొదటిది పీటర్ కిల్‌ఫాయిల్ పెట్టిన సవరణ మీద. యుద్ధానికి తగిన కారణం ఇంకా రుజువు కాలేదు, ఐక్యరాజ్యసమితి ప్రత్యేక అనుమతి లేదు అన్నది దాని సారాంశం. దానికి 217 మంది అనుకూలం, 396 మంది వ్యతిరేకం. ఆ 217లో 139 మంది బ్లెయిర్ సొంత లేబర్ పార్టీ వాళ్లే, అంటే ఆ పార్టీ ఎంపీల్లో దాదాపు మూడో వంతు. తర్వాత ప్రభుత్వ తీర్మానం 412–149తో నెగ్గింది. మార్చి 20న యుద్ధం మొదలైంది.

ఇక అసలు సంగతి. అటార్నీ జనరల్ లార్డ్ గోల్డ్‌స్మిత్ మార్చి 7న ప్రధానికి 13 పేజీల న్యాయ సలహా ఇచ్చారు. పాత తీర్మానాల ఆధారంగా యుద్ధం చట్టబద్ధమేనని వాదించవచ్చు, కానీ భద్రమైన దారి మాత్రం భద్రతామండలిలో ఇంకో తీర్మానం తెచ్చుకోవడమే అని అందులో ఉంది. పది రోజుల తర్వాత, మార్చి 17న, పార్లమెంటుకి ఇచ్చింది ఒక్క పేజీ జవాబు. అందులో ఈ సందేహాలేవీ లేవు, యుద్ధం చట్టబద్ధం అని తేల్చేశారు. ఎంపీల మాట అలా ఉంచండి, మంత్రివర్గం ముందుకి కూడా ఆ చిన్న కాగితమే వెళ్లింది. పూర్తి సలహా జనానికి తెలిసింది 2005 ఏప్రిల్ చివర్లో.

ఈసీ తీయించకుండా స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టుంది ఇది. దస్తావేజు మీద సంతకాలన్నీ సక్రమంగానే ఉంటాయి, లొసుగు ఎక్కడో వెనక ఉంటుంది. సభ ఎంత గొప్పగా చర్చించినా, ముందున్న కాగితం సగమే అయితే ఆ ఓటుకి విలువేంటి? మీరేమంటారు?

#2 బెజవాడ84
మంచి టాపిక్ తీశారు గోదారిగట్టు గారూ, కానీ మీ వాదనతో ఏకీభవించలేను.

217 మందికీ, 396 మందికీ ముందున్నవి అవే కాగితాలు. మరి 217 మంది "రుజువు కాలేదు" అని ఎలా అనగలిగారు? ముందు రోజు, అంటే మార్చి 17 సాయంత్రం రాబిన్ కుక్ రాజీనామా ప్రసంగం చదివారా? 1997 నుంచి 2001 వరకు విదేశాంగ మంత్రిగా చేసి, అప్పటికి సభానాయకుడిగా ఉన్న మనిషి. మామూలుగా మనం సామూహిక వినాశక ఆయుధాలు అనుకునేవి ఇరాక్ దగ్గర బహుశా లేవు అని నిండు సభలో చెప్పారు. ఇరాక్ సైన్యం బలహీనంగా ఉంది కాబట్టే దాడికి ప్లాన్ చేస్తున్నాం, అదే సమయంలో అది పెద్ద ముప్పు అని కూడా అంటున్నాం, ఈ రెండూ ఎలా కుదురుతాయి అని అడిగారు. ఆ సభలో చప్పట్లు కొట్టే ఆనవాయితీ లేదు. ఆ రోజు కొట్టారు, కొందరు లేచి నిలబడ్డారు కూడా.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలన్నీ సభలో అడిగారు. వినదలుచుకోని వాళ్లు వినలేదు. కాగితాల మీదకి నెట్టేస్తే ఆ 412 మందికి మనం క్లీన్ చిట్ ఇచ్చినట్టే.

#3 రీడింగ్_వాసి
ఇరవై ఏళ్లకి పైగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి రెండు మాటలు.

అప్పుడు నేను ఎమ్మెస్సీ స్టూడెంట్‌ని. ఫిబ్రవరి 15న లండన్లో ఊరేగింపు జరిగింది చూశారా, దానికి క్లాస్‌మేట్స్‌తో కలిసి వెళ్లాను. వణికించే చలి. తోపుడు బళ్లలో పసిపిల్లలు, చేతికర్రలతో ముసలివాళ్లు, చర్చి వాళ్లు, మసీదు వాళ్లు, జన్మలో ఊరేగింపు మొహం చూడని గృహిణులు. హైడ్ పార్క్ దాకా నడవడానికి గంటలు పట్టింది, అడుగు తీసి అడుగు వేయడానికే చోటు లేదు. పది లక్షలన్నారు, ఇంకా ఎక్కువన్నారు. ఇంతమంది వద్దంటే ఆగిపోతుందనే అందరం అనుకున్నాం.

ఇక్కడ ఓటింగ్ ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ రాత్రి బరువు అర్థమవుతుంది. బటన్ నొక్కడం ఉండదు. గంట మోగుతుంది, ఎనిమిది నిమిషాల్లో అవునంటే ఒక వసారాలోకి, కాదంటే ఇంకో వసారాలోకి నడిచి వెళ్లాలి. ఎవరు ఎటు వెళ్తున్నారో పార్టీ విప్‌లు గుమ్మం దగ్గరే నిలబడి చూస్తుంటారు. ఆ 139 మందీ తమ ప్రధాని కళ్లెదుటే అవతలి వసారాలోకి నడిచారు. మూడు గీతల విప్, అంటే తప్పక పాటించి తీరాల్సిన పార్టీ ఆదేశం, ఉండగా.

కన్సర్వేటివ్ పార్టీ ఇయన్ డంకన్ స్మిత్ నాయకత్వంలో ప్రభుత్వం వైపే నిలిచింది. అయినా కెన్నెత్ క్లార్క్ లాంటి పెద్దమనిషి వ్యతిరేకంగా వేశారు. చార్లెస్ కెనడీ లిబరల్ డెమొక్రాట్లు పార్టీగానే వద్దన్నారు. వాళ్లని పిరికివాళ్లు అన్న పత్రికలున్నాయి అప్పుడు.

#4 న్యాయపథం
రీడింగ్_వాసి గారు చెప్పిన దాంట్లో మనవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఆ 139 మంది మర్నాడు కూడా ఎంపీలే.

అదే మన లోక్‌సభలో జరిగిందనుకోండి. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూల్ వచ్చింది. విప్‌కి వ్యతిరేకంగా ఓటేసి, పార్టీ పదిహేను రోజుల్లోపు మన్నించకపోతే సభ్యత్వం పోతుంది. 1992లో కిహోటో హొలోహన్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థిస్తూనే, ప్రభుత్వం మనుగడకి సంబంధించిన ఓట్లకీ, పార్టీ ముఖ్య విధానాలకీ విప్‌ని పరిమితం చేస్తే బాగుంటుందని చెప్పింది. ఆచరణలో ప్రతిదానికీ విప్పే. ఫిరాయింపులు ఆపడానికి తెచ్చిన చట్టం, ఆ పని ఎంత బాగా చేసిందో మన రెండు రాష్ట్రాల్లో ఎవరినడిగినా చెబుతారు. కానీ మనస్సాక్షితో ఓటేసే వాడిని మాత్రం గట్టిగా కట్టేసింది.

కాబట్టి యుద్ధం మీద మన దగ్గరా ఓటింగ్ పెట్టాలి అనేవాళ్లు ముందు ఈ ముడి విప్పాలి. లేకపోతే ఓటు లెక్క ఎన్నికల ఫలితాల రోజే తేలిపోయినట్టు.

రాజ్యాంగం ప్రకారం మనకి అసలు అలాంటి ఓటు అక్కర్లేదు కూడా. యుద్ధం, శాంతి కేంద్ర జాబితాలో ఉన్నాయి. సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతిది, అంటే ఆచరణలో మంత్రివర్గానిది. 352వ అధికరణ కింద అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే పార్లమెంటు ఆమోదించాలి, సైన్యాన్ని పంపడానికి మాత్రం ముందస్తు అనుమతి అని ఎక్కడా లేదు. బ్రిటన్లో కూడా చట్టం లేదు, అది రాజు పేరుతో ప్రధాని వాడే అధికారమే. 2003లో ఓటింగ్ పెట్టడమే కొత్త. ఆ ఓటు సాధించిన ఘనత చాలావరకు కుక్‌దే. ఎడిన్‌బరోలో ఆయన సమాధి రాయి మీద, యుద్ధాన్ని ఆపలేకపోయి ఉండొచ్చు గానీ యుద్ధం మీద నిర్ణయించే హక్కుని పార్లమెంటుకి సాధించాను అనే అర్థం వచ్చే ఆయన మాటే చెక్కారు.

#5 ఓరుగల్లు_బిడ్డ
అన్నలూ, అందరు బ్రిటన్ గురించే మాట్లాడుతున్నరు గని, అదే నెల టర్కీల జరిగింది ఎవ్వరు యాది చేస్తలేరు.

2003 మార్చి 1, శనివారం. ఉత్తరం దిక్కు నుంచి ఇరాక్ మీదికి పోవుటానికి 60 వేలకు పైగా అమెరికా సైన్యాన్ని టర్కీల దింపాలె అని తీర్మానం. అధికార పార్టీకి 550ల 363 సీట్లు. ఇగ నెగ్గుడే అనుకున్నరు. తలుపులు మూసి ఓటింగ్ పెట్టిన్రు. అనుకూలం 264, వ్యతిరేకం 250, తటస్థం 19. ముందుగాల నెగ్గిందనే అనుకున్నరు! అప్పుడు ప్రతిపక్షం లేచి రూలు చూడున్రి అన్నది. హాజరైన 533 మందిల సగం కంటె ఎక్కువ, అంటే 267 రావాలె. మూడు ఓట్లు తక్కువైనయి. తీర్మానం పోయింది.

అమెరికా నాలుగో పదాతి దళం సామాను మోసిన ఓడలు అప్పటికే టర్కీ తీరంల లంగరేసి ఉన్నయి. ఆఖరికి సూయజ్ కాలువ మీదికెళ్లి కువైట్ దిక్కు మళ్లినయి.

అటెటు కానోళ్లు 19 మంది. చెయ్యెత్తకుండ కూసునుడు గుడ ఒక నిర్ణయమే. దేశం మీద ఎంత ఒత్తిడి ఉన్నదో తెల్వదా వాళ్లకు? వందల కోట్ల డాలర్ల సాయం బేరం నడుస్తున్నది అప్పుడు. అయినా ఆగింది. గందుకే చట్టసభ ఓటు ఉత్తదే అంటే నేనొప్పుకోను.

#6 గోదారిగట్టు
ఓరుగల్లు_బిడ్డ గారూ, టర్కీ సంగతి చెప్పినందుకు చాలా థాంక్స్. అందులోనూ నాకు కనిపించేది ఇదే: సైన్యం ఇంకా దిగలేదు, కాబట్టి వద్దు అనడానికి వీలైంది.

బ్రిటన్లో మార్చి 18 నాటికి 45 వేల మంది పైచిలుకు సైనికులు గల్ఫ్‌లో, కువైట్ ఎడారిలో సహా, సిద్ధంగా ఉన్నారు. బ్లెయిర్ ప్రసంగం తొలి మాటల్లోనే ఈ మెలిక ఉంది. సైన్యాన్ని వెనక్కి తిప్పడమా, గట్టిగా నిలబడటమా, ఉన్నవి ఈ రెండే దారులు అన్నారు. వెనక్కి తిప్పితే నేను అందులో భాగం కాను అని ముగించారు. అంటే ఎంపీ ముందు ఇప్పుడు మూడు ప్రశ్నలున్నాయి: యుద్ధం సరైనదా, ఎడారిలో ఉన్న మన కుర్రాళ్ల పరువేంటి, ప్రధాని ఉండాలా పోవాలా. మొదటిదాని మీద ఓటేయమంటే చాలామంది మిగతా రెండింటి మీద వేశారని రికార్డు చదివితే తెలిసిపోతుంది.

బెజవాడ84 గారూ, ఆ 412 మందికి నేను క్లీన్ చిట్ ఇవ్వడం లేదు. వాళ్లకి తెలియనివ్వని వాళ్లని వదిలేయకూడదు అంటున్నాను.

#7 సీమపల్లె
నాది రాయచోటి దగ్గర పల్లె. మా ఊళ్లో ఇంటికొకరు కువైట్లో ఉంటారు. 2003లో మా అమ్మ అక్కడ ఒక ఇంట్లో వంటపని చేసేది. నాకప్పుడు పదో క్లాసు పరీక్షలు.

మీరు ఆ ఎడారిలో ఉన్న సైనికుల గురించి మాట్లాడుతుంటే నాకు ఆ ఎడారి పక్కనే ఉండిన మావాళ్లు గుర్తొచ్చినారు. సైరన్ మోగితే కిటికీల సందులకి ప్లాస్టర్ వేసి, ప్లాస్టిక్ కవర్ అతికించి, తడి తువ్వాలు ముక్కుకి కట్టుకోని అందరూ ఒకే గదిలో కూర్చోవాలని చెప్పినారంట. విషవాయువు వస్తాదేమో అని భయం. ముసుగులు ఆ ఇంటోళ్లకి ఉన్నాయి, పనోళ్లకి లేవు. అమ్మ ఫోన్లో అదేమీ చెప్పలేదు, "బాగుండాను, నువ్వు చదువుకో" అనింది. మార్చి 29 తెల్లవారుజామున కువైట్ సిటీలో సముద్రం ఒడ్డున ఉన్న సూక్ షర్క్ మాల్ దగ్గర ఇరాక్ మిసైల్ పడింది. పేపర్లో ఫొటో చూసి మా నాయన రెండు రోజులు అన్నం ముట్టలేదు.

పాస్‌పోర్టు సేటు దగ్గర ఉంటాది. రావాలన్నా రాలేరు. 1990లో అయితే లక్షా డెబ్బై వేల మందిని అమ్మాన్ నుంచి విమానాల్లో తెచ్చినారు, మా చిన్నాయన అట్లా వచ్చినోడే. 2003లో అమ్మ అక్కడే ఉండిపోయింది.

లండన్లో ఆ రాత్రి చర్చలో ఇట్లాంటోళ్ల మాట ఎవరైనా ఎత్తినారా అన్నా? నిజంగానే అడుగుతుండా.

#8 గోదారిగట్టు
తమ్ముడూ, ఇరాక్ ప్రజల గురించి, కుర్దుల గురించి, శరణార్థుల గురించి చాలామంది మాట్లాడారు. గల్ఫ్‌లో పనిచేసే వలస కూలీల గురించి నేను చదివినంతలో నాకు కనిపించలేదు. అమ్మగారు ఇప్పుడు క్షేమమేనా?

#9 సీమపల్లె
2009లో వచ్చేసింది అన్నా. ఇంటికాడే ఉంది. బాగుంది.

#10 బెజవాడ84
సీమపల్లె గారి పోస్ట్ చదివాక వాదించబుద్ధి కావడం లేదు గానీ, అవతలి వైపు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

అవునని వేసిన వాళ్లందరూ అబద్ధాన్ని నమ్మిన అమాయకులో, విప్‌కి భయపడ్డవాళ్లో కారు. ఆన్ క్లూయిడ్ అనే లేబర్ ఎంపీ కుర్దుల కోసం ఏళ్ల తరబడి పోరాడింది. 1988లో హలబ్జాలో సద్దాం విషవాయువుతో వేలమందిని చంపించాడు, అది నిజం. ఆ హింస గురించి బాధితుల నోటి నుంచి విన్న మనిషికి యుద్ధం తప్ప వేరే దారి కనపడలేదు. ఆవిడకి ఆయుధాల నివేదికతో పని లేదు, సద్దాం పోవాలి అంతే. ఆవిడతో నేను ఏకీభవించను. కానీ ఆవిడ ఓటులో నిజాయితీ ఉంది.

దానికంటే నాకు మింగుడుపడనిది బ్లెయిర్ మంత్రివర్గంలోని క్లేర్ షార్ట్. మార్చి 9న రేడియోలో ప్రధానిది దుడుకుతనం అంది, రాజీనామా చేస్తానంది. పదవిలోనే ఉండి 18న ప్రభుత్వంతోనే ఓటేసింది. మే 12న రాజీనామా చేసింది. అప్పటికి బాగ్దాద్ పడిపోయి నెల దాటింది.

#11 డల్లాస్_మామయ్య
ఇటు అమెరికా వైపు కూడా చూడండి. ఇరాక్ మీద బలప్రయోగానికి అధ్యక్షుడికి అధికారం ఇచ్చే తీర్మానం మీద ఓటు: 2002 అక్టోబర్ 10న ప్రతినిధుల సభ 296–133, తెల్లవారితే సెనేట్ 77–23. హిల్లరీ క్లింటన్, జాన్ కెర్రీ, జో బైడెన్ ముగ్గురూ అవుననే వేశారు. నవంబర్లో ఎన్నికలు. నాలుగు వారాల ముందు ఇలాంటి ఓటు పెడితే వద్దనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

గోదారిగట్టు గారి పాయింట్‌కి ఇక్కడ ఇంకో కోణం ఉంది. బ్రిటన్లో పూర్తి కాగితం చూపించలేదు. ఇక్కడ తొంభై పేజీల పైచిలుకు రహస్య నిఘా అంచనాని సెనేటర్లందరూ చదువుకునే వీలు కల్పించారు. కాపలా ఉన్న గదికి వెళ్లి చదవాలి. వెళ్లి పూర్తిగా చదివిన వాళ్లు కొద్దిమందే. ఇంటెలిజెన్స్ కమిటీ ఛైర్మన్ బాబ్ గ్రాహమ్ చదివారు, తోటివాళ్లని చదవమని బతిమాలారు, వద్దని ఓటేశారు. అందులో ఇంధన శాఖ, విదేశాంగ శాఖ నిపుణుల అసమ్మతి స్పష్టంగా ఉంది. ముసలాయన రాబర్ట్ బర్డ్, ఎనభై నాలుగేళ్ల వయసులో, యుద్ధం ప్రకటించే అధికారాన్ని మనమే అధ్యక్షుడి చేతిలో పెడుతున్నాం అని గొంతు పోయేలా చెప్పారు.

కాగితం ఇస్తే సరిపోదు, చదవాలి కూడా.

#12 జవాను_కొడుకు
మా నాన్న ఐపీకేఎఫ్‌లో, అంటే శ్రీలంకకి వెళ్లిన భారత శాంతి పరిరక్షక దళంలో, జాఫ్నాలో పనిచేశారు. 1987 జూలై 29న ఒప్పందం, మర్నాటికల్లా సైన్యం దిగడం మొదలు. పార్లమెంటులో ఓటింగ్ లేదు. శాంతి కాపాడటానికి వెళ్తున్నామని చెప్పి పంపారు, అక్టోబర్‌కల్లా పూర్తిస్థాయి పోరాటం. 1990 మార్చిలో వెనక్కి వచ్చేసరికి దాదాపు 1,200 మంది జవాన్లు పోయారు. కొలంబోలో వాళ్ల పేర్లతో స్మారకం ఉంది.

నాన్న రాజకీయం మాట్లాడరు. కానీ ఒక మాట అంటారు: మమ్మల్ని ఎందుకు పంపారో పార్లమెంటులో ఎవరైనా నిలబడి చెప్పి ఉంటే, ఆ కారణం తప్పైనా సరే, మాకు ఒక కారణం ఉండేది.

బ్రిటన్ ఇరాక్‌లో 179 మందిని పోగొట్టుకుంది. వాళ్ల తల్లిదండ్రులు ఏళ్ల తరబడి అడిగితేనే ఆ యుద్ధం మీద చిల్కాట్ విచారణ వచ్చింది. మన వాళ్ల విషయంలో అలాంటి విచారణ జరపమని అడిగిన గొంతులే తక్కువ.

#13 న్యాయపథం
జవాను_కొడుకు గారూ, మీ నాన్నగారికి నా నమస్కారాలు.

మనకీ మంచి ఉదాహరణలు లేకపోలేదు. 1962లో చైనాతో యుద్ధం ఇంకా జరుగుతుండగానే నెహ్రూ నవంబర్ 8న పార్లమెంటుని సమావేశపరిచారు. అడిగిన వాళ్లలో అప్పటి యువ సభ్యుడు వాజ్‌పేయి ఒకరు. ప్రభుత్వాన్ని నిండు సభలో చీల్చి చెండాడారు. యుద్ధ సమయంలో ప్రశ్నలేమిటి అని ఎవరూ నోరు మూయించలేదు. అదే వాజ్‌పేయి ప్రధాని అయ్యాక, 2003 ఏప్రిల్ 8న ఇరాక్ యుద్ధాన్ని తప్పుబడుతూ లోక్‌సభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. ఇరాక్‌కి మన సైన్యాన్ని పంపమని అమెరికా అడిగితే జూలై 14న, ఐరాస అనుమతి లేకుండా పంపలేం అని కేబినెట్ కమిటీ తేల్చింది. ఒక డివిజన్, అంటే పదిహేను వేల పైన. సభ తీర్మానం, ప్రతిపక్షం పట్టుదల, పత్రికల్లో చర్చ లేకపోతే ఆ జవాబు అలా వచ్చి ఉండేదా అని నా అనుమానం.

#14 రీడింగ్_వాసి
2003 ఓటు తర్వాత ఇక్కడేం మారిందో కూడా చెప్పాలి. 2013 ఆగస్టు 29న సిరియా మీద దాడికి అప్పటి ప్రధాని కామెరాన్ అడిగితే సభ 285–272తో వద్దంది. 13 ఓట్ల తేడా. ఆ రోజు చర్చలో ఇరాక్ పేరు పదే పదే వినిపించింది. ఈసారి ప్రభుత్వం న్యాయపరమైన వైఖరినీ, నిఘా కమిటీ అంచనానీ ఓటింగ్‌కి ముందే బయటపెట్టింది. చూశారు, చాలవన్నారు. కామెరాన్ కూడా సభ మాటకి కట్టుబడతానని అక్కడికక్కడే చెప్పేశారు.

అయితే 2018 ఏప్రిల్లో అప్పటి ప్రధాని థెరెసా మే సభని అడగకుండానే సిరియా మీద క్షిపణులు వేయించారు, తర్వాత వచ్చి వివరించారు. ఆనవాయితీ చట్టం కాదు కదా.

#15 ఓరుగల్లు_బిడ్డ
రేపు మన మీద ఎవడన్న దాడి చేస్తే సభ పెట్టి ఓటేసుకుంట కూసుంటమా అని అడుగుతరు కొందరు. దాడి జరిగినప్పుడు తిప్పికొట్టుడు వేరు, మనమే పోయి ఇంకో దేశం మీద పడుడు వేరు. రెండో దానికి ఎంత ఆలస్యమైతే అంత మంచిది. ఇరాక్‌ల ఐరాస ఆయుధ తనిఖీల పెద్ద బ్లిక్స్ సార్ అడిగింది గుడ గదే కద, 2003 మార్చి 7న. తనిఖీలకు కొన్ని నెలలు కావాలన్నడు, ఏండ్లు కాదు. ఇరాక్ అల్ సమూద్ క్షిపణులు పగలగొడుతనే ఉన్నది. ఆ నెలలు ఇయ్యలే.

#16 గోదారిగట్టు
2016 జూలై 6న వచ్చిన చిల్కాట్ నివేదిక అచ్చంగా ఇదే చెప్పింది. శాంతియుత మార్గాలన్నీ అయిపోకముందే యుద్ధానికి దిగారు, అప్పటికి అది ఆఖరి మార్గం కాదు అని. 12 సంపుటాలు, 26 లక్షల పదాలు. 2009 జూలై నాటికి కనీసం లక్షన్నర మంది ఇరాకీలు, ఎక్కువమంది మామూలు జనం, చనిపోయారని కూడా రాసింది. 2002 జూలై 28న బ్లెయిర్ బుష్‌కి రాసిన లేఖ అందులోనే బయటపడింది. ఏం జరిగినా నేను మీతోనే ఉంటాను అని మొదటి వాక్యం. సభలో ఓటింగ్‌కి దాదాపు ఎనిమిది నెలల ముందు! మార్చి 18న సభలో కూర్చున్న ఎంపీకి ఈ లేఖ గురించి తెలిసి ఉంటే?

న్యాయ సలహా గొడవ మొత్తం ఐదో విభాగంలో ఉంది. సమయం ఉన్నవాళ్లు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

#17 బెజవాడ84
లేఖ సంగతి నాకూ కోపం తెప్పించింది, ఒప్పుకుంటాను. కానీ నేను మొదటి పోస్ట్‌లో అడిగిందానికి జవాబు రాలేదు సార్. ఆ 217 మందికి లేఖ తెలియదు, 13 పేజీల సలహా తెలియదు, ఇరాక్ నలభై ఐదు నిమిషాల్లో ఆ ఆయుధాలు ప్రయోగించగలదన్న కథ యుద్ధానికి ముందు ప్రభుత్వం ఇచ్చిన నివేదికలోకి ఎలా వచ్చిందో తెలియదు. తెలియనప్పుడు వద్దు అనాలి అన్నంత మాత్రం తెలుసు. మిగతా వాళ్లకి అది ఎందుకు తట్టలేదు? ఆ 396 మందిలో తర్వాత తమ ఓటు గురించి సభలోనే మాట్లాడిన వాళ్లున్నారు, వాళ్ల ప్రసంగాలు వెతికి ఇక్కడ పెడతాను. అవి చదివాక చెప్పండి, లోపం కాగితాలదేనా అని.